జూన్‌లో ఎల్‌కేజీ: బెంగళూరులో తెలుగు పిల్లల్ని ఇంట్లో ఎలా సిద్ధం చేయాలి

ఏప్రిల్ వచ్చిందంటే, ఎల్‌కేజీ సీటు దొరికిన ఇళ్లలో మొదట కొనేది నాలుగు గీతల పుస్తకం. ఏ నుంచి జడ్ దాకా రాయిస్తే పిల్లవాడు సిద్ధమైనట్టే అనుకుంటారు. తీరా బడి తెరిచాక మొదటి నెలలో టీచర్ డైరీలో రాసి పంపే సంగతులు వేరు. డబ్బా మూత రాక తినకుండా కూర్చున్నాడు. టాయిలెట్ అని అడగలేక నిక్కర్ తడుపుకున్నాడు. బూట్లు తొడిగే మనిషి కోసం ఎదురుచూస్తూ ఆటకు వెళ్లలేదు. అక్షరాలు నేర్పడానికి బడిలో మనిషి ఉంది. మూత, నిక్కర్, బూట్లు మాత్రం ఇంట్లోనే తేలాలి. ఈ వరస ఆ లెక్కలోనే రాసింది.

వయసు సంగతి ఒక్క మాట. కర్ణాటకలో జూన్ 1 నాటికి ఎల్‌కేజీకి నాలుగేళ్లు, యూకేజీకి అయిదు, ఒకటో తరగతికి ఆరు నిండాలన్నది ప్రభుత్వం పెట్టిన లెక్క. సడలింపుల ఉత్తర్వులు మధ్యమధ్య వస్తుంటాయి కాబట్టి ఆ ఏటి సంగతి స్కూల్లో అడగండి. ఒకటి రెండు నెలలు తక్కువైందని ఎలాగోలా తోసేయాలని చూడకండి. నాలుగేళ్ల దగ్గర ఆరు నెలల తేడా అంటే చాలా తేడా.

ముందు క్యాలెండర్ తీయండి

బడి తెరిచే తేదీ నుంచి ఎనిమిది వారాలు వెనక్కి లెక్కపెట్టండి. ఆ మధ్యలోనే ఎండలు, పెళ్లిళ్లు, అమ్మమ్మగారి ఊరు అన్నీ వస్తాయి. ఊరు మానుకోమని కాదు. కానీ అనంతపురంలోనో నెల్లూరులోనో రాత్రి పదకొండింటి దాకా డాబా మీద ఆడుకున్న పిల్లవాడు బడి రేపనగా బెంగళూరులో దిగితే, మొదటి వారం ఏడుపులో సగం నిద్ర చాలక వచ్చే ఏడుపే అవుతుంది. నాలుగు వారాల ముందే తిరిగొచ్చేలా టికెట్లు తీసుకోండి.

ఈ వయసుకు రోజు మొత్తంలో 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. వ్యాను 7:45కి గేటు దగ్గరికి వస్తుందంటే 6:30కి లేవాలి. అంటే 8:30కి కన్ను మూతపడాలి, 8 గంటలకల్లా పడక మీద ఉండాలి. ఇప్పుడు 10:30కి పడుకునే పిల్లల్ని ఒక్కరాత్రిలో 8:30కి పడుకోబెట్టలేరు. మూడు రోజులకోసారి 15 నిమిషాలు జరపండి. రెండు గంటలు జరగడానికి 24 రోజులు పడుతుంది. ముందు జరపాల్సింది పడుకునే వేళ కాదు, లేచే వేళ. పొద్దున లేపేస్తే రాత్రి నిద్ర దానంతటదే ముందుకొస్తుంది. పగటి నిద్ర ఉంటే మూడింటికల్లా లేపండి.

ఇది ఎక్కువగా చెడేది నాన్న దగ్గర. వైట్‌ఫీల్డ్ నుంచో ఔటర్ రింగ్ రోడ్డు మీదుగానో ట్రాఫిక్‌లో ఈదుకుంటూ తొమ్మిదింటికి ఇల్లు చేరేవాళ్ల కోసం పిల్లలు మేలుకుని ఉంటారు. అలాంటి ఇంట్లో నాన్న వంతు పొద్దుటికి మార్చండి. స్నానం, బూట్లు, వ్యాను దాకా నడక, ఈ మూడూ నాన్నవి.

టాయిలెట్

ఇంట్లో అన్నీ చక్కగా చేసుకునే పిల్లలే బడిలో తడుపుకుంటారు. కారణాలు దాదాపు ఎప్పుడూ ఇవే: అడగడం రాదు, బొత్తం ఊడదు, అక్కడి టాయిలెట్ చీకటిగా ఉందనో ఫ్లష్ మోత అనో భయం.

అడగడం ముందు చూద్దాం. ఇంట్లో మనం వాడే మాటలు సుస్సు, పాస్, ఉచ్చ, ఆయి, కక్క. కన్నడ ఆయాకు, మలయాళీ టీచర్‌కు వీటిలో ఒకటో రెండో అర్థమవుతాయి, మిగతావి కావు. ఎనిమిది వారాల ముందు నుంచే ఇంట్లో ఒకే మాటకు మారండి: “మిస్, టాయిలెట్.” చెయ్యెత్తి గట్టిగా చెప్పాలి. ఇంట్లో కూడా మీ దగ్గరికొచ్చి ఆ మాట అన్నాకే తీసుకెళ్లండి. ముఖం చూసి కనిపెట్టి పరుగెత్తించే అమ్మ ఉన్నచోట అడగడం అలవాటు కాదు.

తర్వాత బట్టలు. యూనిఫాం నిక్కర్‌కు హుక్, జిప్ ఉంటే టైలర్‌కిచ్చి నడుముకు ఎలాస్టిక్ వేయించండి. చాలా స్కూళ్లు ఒప్పుకుంటాయి. ఆ తర్వాత వరస: కిందికి లాగడం, కూర్చోవడం, కడుక్కోవడం, పైకి లాగడం, ఫ్లష్, సబ్బుతో చేతులు. నేర్పేటప్పుడు చివరి నుంచి మొదలుపెట్టండి. మొదటి వారం మొత్తం మీరు చేసి, ఫ్లష్ నొక్కడం, చేతులు కడుక్కోవడం మాత్రం పాపకు వదలండి. రెండో వారం నిక్కర్ పైకి లాగడం కలపండి. పని పూర్తిచేసిన తృప్తి రోజూ పాపకే దక్కుతుంది కాబట్టి పేచీ తక్కువ. కడుక్కోవడం ఆఖరున వస్తుంది. చెయ్యి వెనక్కి అందాలి, హ్యాండ్ షవర్ నొక్కే బలం వేళ్లకు ఉండాలి. దానికి నాలుగున్నరేళ్లు పట్టినా తప్పులేదు. ఆయా సాయం చేస్తుందా లేదా అని స్కూల్లో ముందే అడిగి తెలుసుకోండి.

మీ ఫ్లాట్‌లో కమోడ్ ఒక్కటే ఉంటే గొంతుకూర్చుని వెళ్లడం కూడా అలవాటు చేయండి, కొన్ని బడుల్లో ఇండియన్ టాయిలెట్లే ఉంటాయి. మాల్‌లో, బంధువుల ఇంట్లో, హోటల్లో, ఎక్కడికెళ్లినా ఒకసారి టాయిలెట్‌కు తీసుకెళ్లండి. కొత్తచోటు భయం కొత్తచోట్లలోనే పోతుంది.

విరేచనం పొద్దున ఇంట్లోనే అయ్యేలా చూడండి. తిన్న తర్వాత పేగుల్లో కదలిక పెరుగుతుంది కాబట్టి టిఫిన్ అయిన పది నిమిషాలకు కూర్చోబెట్టి, కాళ్ల కింద చిన్న పీట వేసి, అయిదు నిమిషాలు ఉంచండి. రాకపోతే లేపేయండి, తిట్టకండి. బడిలో బిగబట్టుకునే పిల్లలకు మలం గట్టిపడుతుంది, నొప్పి పుడుతుంది, ఆ నొప్పికి భయపడి ఇంకా బిగబడతారు. ఇది పట్టుకుంటే నెలల తరబడి వదలదు. జూన్‌లో ఇక్కడ ముసురు, చల్లగాలి. పొద్దున స్వెటర్ వేసి పంపే రోజుల్లో చెమట పట్టదు, టాయిలెట్‌కు మాత్రం ఎక్కువసార్లు వెళ్లాల్సి వస్తుంది. సంచిలో ఒక జత బట్టలు, తడివి పెట్టడానికో కవరు ఉంచి, అవి ఎక్కడున్నాయో పాపకే చూపించండి.

టిఫిన్ డబ్బా

డబ్బా కొనేటప్పుడు పాపను వెంట తీసుకెళ్లండి. కొట్లోనే మూత తీసి, పెట్టి చూపించమనండి. అక్కడ రానిది క్లాసులో అసలే రాదు. స్టీలు డబ్బాల్లో బిగుతు మూతలు నాలుగేళ్ల వేళ్లకు లొంగవు. పక్కన క్లిప్ ఉండేవి నయం. రబ్బరు రింగు ఉన్నది కొంటే, వేడివేడిగా పెట్టి మూసిన డబ్బా చల్లారాక బిగుసుకుపోతుందని గుర్తుంచుకోండి. లోపలి ఆవిరి నీరై గాలి తగ్గడం వల్ల మూతను లోపలికి పీల్చినట్టవుతుంది. అన్నం చల్లారాకే మూత పెట్టండి.

బడి తెరవడానికి పదిహేను రోజుల ముందు నుంచి పొద్దున పదిన్నరకు ఇంట్లోనే “డబ్బా” పెట్టండి. అదే డబ్బా, అదే సీసా, కింద చాప. టీవీ లేదు, ఫోను లేదు, నోట్లో పెట్టే చెయ్యి లేదు. 20 నిమిషాలకు ఎత్తేయండి. మొదటి రెండు మూడు రోజులు సగం మిగులుతుంది. నాయనమ్మకు ప్రాణం ఒప్పదు, వెనకాలే ముద్దలు పట్టుకుని తిరుగుతుంది. ఈ పదిహేను రోజులు ఆవిణ్ణి కాస్త ఓర్చుకోమని బతిమాలుకోవాలి. కథలు చెప్పి తినిపించే మనిషి క్లాసులో ఉండదు.

ఏం పెట్టాలన్నది రుచి మీద కాదు, మూడు గంటల తర్వాత అది ఎలా ఉంటుందన్న దాని మీద ఆధారపడుతుంది. ఉప్మా ముద్దకడుతుంది. పూరీ తోలులా సాగుతుంది. పెరుగన్నం ఎండాకాలంలో పులుస్తుంది. పాలు ఎక్కువ, పెరుగు ఒక చెంచా వేసి కలిపితే కాస్త నిలుస్తుంది. నమ్మకమైనవి: నెయ్యి, కారం లేని పొడి రాసి నాలుగు ముక్కలు చేసిన చిన్న ఇడ్లీలు రెండు, లేదా వేళ్లతో పట్టుకునేలా కోసిన దోసె ఒకటి, లేదా బెల్లం నెయ్యి రాసి చుట్టిన చపాతీ. అంతకంటే ఎక్కువ పెట్టకండి, నిండు డబ్బా చూస్తేనే పిల్లలకు ఆకలి పోతుంది. ద్రాక్ష నిలువుగా నాలుగు ముక్కలు కోసే పెట్టాలి. వేరుశెనగ పప్పు, గట్టి పప్పులు అయిదేళ్ల లోపు వద్దు, గొంతుకు అడ్డం పడతాయి. నీళ్ల సీసా 300 నుంచి 400 మిల్లీలీటర్లది చాలు. లీటరు సీసా సంచి బరువు పెంచడమే తప్ప ఎవరూ తాగరు.

బూట్ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. వెల్‌క్రో కొనండి. ముందు బొటనవేలి మందం ఖాళీ ఉండాలి. ఏ కాలికి ఏదో తెలియడానికి ఒక బొమ్మ స్టిక్కర్‌ను నిలువుగా రెండు ముక్కలు చేసి, రెండు బూట్ల లోపల, ఒకదానికొకటి ఎదురయ్యే అంచుల వైపు అంటించండి. బొమ్మ కలిస్తే సరైన కాళ్లు. కూర్చుని తొడుక్కోవడానికి గుమ్మం దగ్గర ఒక పీట వేయండి. మొదట్లో పది నిమిషాలు పడుతుంది, ఆ పది నిమిషాలు మీ అలారంలో కలుపుకోండి.

చెయ్యి ముందు, పెన్సిల్ తర్వాత

మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవన్నీ మెత్తటి మృదులాస్థే. ఏటా ఒకటి రెండు చొప్పున గట్టిపడుతూ వస్తాయి. నాలుగేళ్లకు ఆ పని సగం దగ్గరుంటుంది, చివరిది గట్టిపడేది తొమ్మిది, పదేళ్లు దాటాకే. అరచేతి, వేళ్ల కండరాలదీ అదే కథ. ఆ చేతితో రోజుకు రెండు పేజీలు రాయిస్తే పిల్లవాడు పెన్సిల్‌ను పిడికిట్లో బిగిస్తాడు, భుజంతో రాస్తాడు. ఒకసారి పాతుకున్న పట్టును తర్వాత మార్చడం మొదట నేర్పడం కంటే కష్టం. మనవాళ్లు అక్షరాభ్యాసంలో పళ్లెంలో బియ్యం పోసి వేలితో దిద్దిస్తారు. శృంగేరి శారదమ్మ గుడిలో చేయించినా ఇంట్లో చేయించినా అంతే. ఆ పళ్లెం ఆ ఒక్కరోజుతో లోపల పెట్టేయకండి. రవ్వ పోసి రోజూ పది నిమిషాలు వాడండి.

వేళ్లకు బలం వంటింట్లోనే ఉంది. బఠాణీలు ఒలవడం, కొత్తిమీర తుంచడం, బట్టల క్లిప్పులతో సాక్సులు తాడుకు తగిలించడం. ఆడుకునే పిండి ఇలా కలపండి: మైదా ఒక కప్పు, ఉప్పు అర కప్పు, నూనె ఒక చెంచా, చిటికెడు పసుపు, నీళ్లు అర కప్పు లోపు కొద్దికొద్దిగా. అంటుకుంటుంటే మైదా, పగులుతుంటే నీళ్లు. మూత డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే వారం వస్తుంది. దాంతో చేగోడీలు చుట్టించండి: పిండిని పాములా తాల్చడం, కొసలు కలపడం, మూడు వేళ్లతో నొక్కడం. అన్నీ నోట్లో పెట్టుకునే పిల్లలకు ఇది వద్దు, ఉప్పు మరీ ఎక్కువ. చపాతీ పిండి ఇవ్వండి.

కత్తెరకు మొద్దు మొన ఉండాలి. న్యూస్‌పేపర్ ఇస్తే అది మడతపడి కత్తెరలో ఇరుక్కుంటుంది, పిల్లవాడికి రాదని మనం అనుకుంటాం. పాత శుభలేఖలు తీయండి. రెండు సెంటీమీటర్ల వెడల్పు పట్టీలు మీరు కోసిస్తే, ఒక్క కోతకు ఒక్క ముక్క తెగి పడుతుంది.

రాయించేది పొట్టి ముక్కలతో. క్రేయాన్ విరిచి మూడు సెంటీమీటర్లు చేసి ఇవ్వండి. పిడికిట్లో పట్టుకోవడానికి చోటుండదు, మూడు వేళ్లూ వాటంతటవే వస్తాయి. పలక మీద బలపమూ అంతే. కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకు పాప కంటి ఎత్తున అంటించి గీయమనండి, నిలువుగా ఉన్నదాని మీద గీస్తే మణికట్టు సరైన వంపులో నిలుస్తుంది. అన్నట్టు, బలపం తినే పిల్లలుంటారు. ఒకసారి రుచి చూడటం వేరు. రోజూ బలపమో మట్టో సున్నమో తింటుంటే రక్తంలో ఇనుము తక్కువై ఉండొచ్చు. దెబ్బలాడకుండా డాక్టర్‌కు చూపించి హిమోగ్లోబిన్ చేయించండి.

గీతల వరస: ముందు స్టాండింగ్ లైన్ (నిలువు గీత), తర్వాత స్లీపింగ్ లైన్ (అడ్డగీత), ఆ పైన సున్నా, ఆ తర్వాత కూడిక గుర్తు. ఏటవాలు గీత వీటన్నిటికంటే ఆలస్యం, కొందరికి అయిదేళ్ల దాకా కుదరదు. అందుకే ఏ తోనే మొదలుపెట్టాలన్న పట్టుదల అర్థం లేనిది. ఆ అక్షరం నిండా ఏటవాలే. రాయించాలనే ఉంటే ఎల్, టి, హెచ్ లతో మొదలుపెట్టి సి, ఓ లకు రండి. తిరగేసి రాస్తే కంగారుపడకండి, బి, డి తారుమారు కావడం ఆరేడేళ్ల దాకా మామూలే. ఎడమచేత్తో రాస్తుంటే అలాగే రాయనివ్వండి, ఎవరేమన్నా సరే.

ఫోన్లో వేలితో అక్షరాలు దిద్దే ఆటలు ఈ పనికి రావు. అద్దం మీద వేలు జారుతుంది, ఎంత నొక్కాలో చేతికి తెలియదు.

మాటలు: తెలుగు, కన్నడ, ఇంగ్లిష్

బడి ఇంగ్లిష్‌లో కదా అని ఇంట్లో తెలుగు మానేసి “కమ్, వాటర్ డ్రింక్ చెయ్” అనే భాషకు దిగకండి. దాంతో రెండూ రావు. కథ వినడం, జరిగింది వరసగా చెప్పడం, ఎందుకని అడగడం తెలుగులో బాగా వచ్చిన పాపకు ఇంగ్లిష్ మాటలు తగిలించుకోవడమే మిగులుతుంది. రోజూ ఒక కథ చెప్పి, మర్నాడు పాప చేత చెప్పించుకోండి. చప్పట్ల ఆట ఆడండి: దో-సె రెండు చప్పట్లు, ఉ-డు-త మూడు. మ తో మొదలయ్యేవి చెప్పమనండి: మంచం, మామిడి, మేక. మాటను ముక్కలుగా వినే చెవి రేపు ఏ భాష చదవడానికైనా పనికొస్తుంది.

ఆయాకోసం, వ్యాను అన్నకోసం కాస్త కన్నడ కావాలి. అర్థం కావాల్సినవి: బా (రా), కూత్కో (కూర్చో), ఎద్దేళు (లే), తగో (తీసుకో). చెప్పడం రావాల్సినవి నాలుగే: నీరు బేకు (నీళ్లు కావాలి), బేడ (వద్దు), సాకు, హొట్టె నోవు (కడుపునొప్పి). సాకు అంటే అక్కడ ‘చాలు’ అని. అన్నం తినకుండా ఉండటానికి ఒక సాకు దొరికిందని ఇంట్లో నవ్వుకోవచ్చు. బొమ్మలకు అన్నం పెట్టే ఆటలో మీరు ఆయా అయి ఈ మాటలన్నీ తిప్పండి, వారంలో పట్టేస్తారు. ముందు ముందు కన్నడ అక్షరాలు వచ్చినా బెంగ అక్కర్లేదు, చాలా అక్షరాలకు మన లిపితో పోలిక ఉంది.

తన పూర్తి పేరు, అమ్మానాన్నల పేర్లు, అపార్ట్‌మెంట్ పేరు అడిగితే చెప్పగలగాలి. సంచి బయట మాత్రం పేరు రాయకండి, పేరుపెట్టి పిలిచిన మనిషిని పిల్లలు తెలిసినవాళ్లనుకుంటారు. లోపలివైపు రాయండి.

లెక్కకు వామనగుంటలు తీయండి. నూరు దాకా వల్లెవేయడం కంటే, గుంటకొక గింజ వేసుకుంటూ పోవడం ఎన్నో రెట్లు మేలు. ఒక్కో మాటకు ఒక్కో గింజ అన్న సంగతి చేతికి తెలుస్తుంది. అయిదు ఇడ్లీలు లెక్కపెట్టాక “ఎన్ని?” అనండి. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడితే ఇంకా కుదరలేదన్నట్టు. “అయిదు” అనేస్తే సంఖ్య అర్థమైంది. జూన్‌కు పది దాకా ఇలా వస్తే చాలు. గింజలు ముక్కులో, చెవిలో దూర్చుకోకుండా మాత్రం పక్కన కూర్చోండి.

వదిలి ఉండటం

పక్క ఫ్లాట్ ఆంటీ దగ్గర పది నిమిషాలతో మొదలుపెట్టండి. తర్వాత అరగంట, గంట, చివరి వారానికి మూడు గంటలు. ప్రతిసారీ చెప్పి వెళ్లండి. కళ్లుగప్పి జారుకుంటే ఆ పూట ఏడుపు తప్పుతుంది, మర్నాటి నుంచి పాప మీ కొంగు వదలదు. “ఇప్పుడే వస్తా” అనకండి, ఇప్పుడే అంటే ఎంతో పిల్లలకు తెలియదు. “నువ్వు పాలు తాగి, బొమ్మ వేసేసరికి వస్తా” అనండి, ఆ వేళకే రండి. “అల్లరి చేస్తే మీ మిస్‌తో చెప్తా, ఆవిడ కొడుతుంది” అన్న మాట ఇంట్లో ఎవరి నోటా రాకూడదు, తాతయ్య సరదాకన్నా సరే. రేపు సాయం అడగాల్సింది ఆవిణ్ణే.

గేటు దగ్గర ఒక ముద్దు, ఒక మాట, వెనక్కి తిరగడం. కిటికీలోంచి తొంగిచూస్తే సర్దుకున్న పాప మళ్లీ మొదలుపెడుతుంది. మొదటి వారం హాయిగా వెళ్లి రెండో సోమవారం ఏడ్చేవాళ్లు చాలామంది, ఇది రోజూ ఉండేదని అప్పుడే అర్థమవుతుంది మరి. దసరా సెలవుల తర్వాత కూడా ఒకసారి ఇదే వస్తుంది.

నాలుగేళ్లకు పాప మాట కొత్తవాళ్లకు ఏమాత్రం అర్థం కాకపోతే, పిలిస్తే పలకకపోతే, తోటి పిల్లల వైపే చూడకపోతే, “బడికెళ్తే సరిపోతుందిలే” అని ఆగకండి. రెండు మూడు భాషలు వినడం వల్ల మాట ఆగిపోదు, కాబట్టి ఆ నెపమూ వద్దు. ముందు పిల్లల డాక్టర్‌కు చూపించి వినికిడి పరీక్ష చేయించండి. మాట, వినికిడికి మైసూరులో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉంది. పిల్లల నడవడికకు బెంగళూరులోనే మానసిక, నరాల వైద్య సంస్థ నిమ్‌హాన్స్ ఉంది.

బడి నుంచి వచ్చిన వెంటనే “ఈరోజు ఏం నేర్పారు?” అంటే “ఏం లేదు” అనే జవాబొస్తుంది. ముందు నీళ్లు, ఏదైనా తినడానికి, అరగంట ఊరికే వదిలేయడం. తర్వాత “డబ్బా ఎవరి పక్కన కూర్చుని తిన్నావు?” అనండి. మొదట ఒక పేరు వస్తుంది. అప్పుడు సంచి మీరు తీయకుండా పాప చేతే డబ్బా తీయించి, సింకు దగ్గర పెట్టించండి.